వేడి నిలవని గది

మా ఇంటి ముందు ఆగినవాళ్ళు ఎవరైనా ముందు తల పైకెత్తి చూస్తారు. చూడాలనే మా ఆయన కట్టించారు. ఏలూరు పక్కన వట్లూరులో మా వీధిలో ఒక్కో ఇంటికి గాజో, రాయో, స్టీలో ఏదో ఒకటి ఉంటే మా ఇంటికి మూడూ ఉన్నాయి. అవి చాలవన్నట్టు పక్కగోడకి పూలూ తీగలూ కోసిన జాలీ రేకు ఒకటి నిలువునా బిగించారు. అది ఎందుకని అడిగితే "ఎలివేషనండి మేడమ్" అన్నాడు ఇంజనీరు. ఆ మాటకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్ళ నోరు మూయించడానికి పనికొచ్చే మాట అని మాత్రం తెలిసింది.

తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయల టోకు వ్యాపారం. పెళ్ళయిన నాటి నుంచి కొట్టు మీది మేడలోనే కాపురం చేశాను, ఉన్న ఒక్క కూతురినీ అక్కడే పెంచి పెళ్ళి చేశాను. ఉల్లిపాయకి గాలి ఆడకపోతే కుళ్ళుతుంది గనక మా గోడౌనుకి చుట్టూ జాలీలే. మనిషికీ అంతేనని మా ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఏలూరులో వాస్తు చెప్పే సిద్ధాంతి ఒకాయన తోడయ్యాడు. ఆయన మాట మీద మెట్లు అటు నుంచి ఇటు వచ్చాయి, వంటగట్టు తిరిగి కట్టారు, బావిలాంటి గొయ్యి ఒకటి తవ్వి మళ్ళీ పూడ్చారు. ఇన్ని చేసి గృహప్రవేశం చేశాక మే నెలలో ఆ ఇంట్లో కూర్చుంటే అప్పడాలు వేగుతాయేమో అనిపించింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలు అనుకుని ఏసీ వేసుకుని పడుకున్నాను. ఏసీ పొద్దస్తమానం మొత్తుకునేది కానీ గది చల్లబడేది కాదు. ఏసీ కంపెనీ మంచిది కాదన్నారు మా ఆయన.

నిరుటి చలికాలంలో నా కూతురికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. అంతకు ముందు ఒకసారి దానికి కడుపు పోయింది. అందుకని ఈసారి మేమందరం ప్రాణాలు అరచేతుల్లో పెట్టుకుని ఉన్నాం. ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఏలూరు ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉంచారు. నా కూతురు కుట్లు నొప్పి పెడుతున్నా ఆ అద్దం దగ్గరికి వచ్చి నిలబడి, తాకడానికి లేక, తన చీరకొంగునే నలుపుకుంటూ ఉండేది. ఆ చూపు మళ్ళీ చూడాల్సి వస్తే నేను తట్టుకోలేనని అప్పుడే అనుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. "గది వెచ్చగా ఉండాలండి అమ్మమ్మగారూ. పాప పొట్ట మీద చెయ్యి పెట్టండి, తర్వాత పాదాలు ముట్టుకోండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే పిల్లకి చలేస్తున్నట్టే. తాగిన పాలన్నీ ఒంట్లో వేడి కోసమే ఖర్చయిపోతే ఇంక ఒళ్ళేం పడుతుందండి? బరువు పెరక్కపోతే మళ్ళీ పెట్టెలో పెట్టాలి. పొగలూ అవీ వెయ్యకండి."

ఇంత తేలికైన పనే కదా అనుకున్నాను. ఏలూరులో వెచ్చగా ఉంచడం కూడా ఒక పనా?

హీటరు కొనడానికి వెళ్తే కొట్టువాడు గీజరు చూపించాడు. గదికి పెట్టేది అంటే మమ్మల్ని ఎగాదిగా చూసి, లోపల ఎక్కడో అట్టపెట్టె దుమ్ము దులిపి తెచ్చాడు. తెచ్చి, ఏసీ ఉన్న కింది గదిలోనే పెట్టాం. పెట్టినంతసేపూ దాని ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు కాలేవి. ఆపి ఒక కాఫీ తాగి వచ్చేసరికి గది మళ్ళీ ఎప్పటిలాగే ఉండేది. పోనీ ఆపకుండా ఉంచితే హీటరు ముందు వేడి, మంచం దగ్గర చలి. తెల్లవారేసరికి పిల్ల పాదాలు కుండలో నీళ్ళలా ఉండేవి. మే నెలలో పొమ్మన్నా పోని వేడి పుష్యమాసంలో ఉండమన్నా ఉండదు. ఇల్లు కట్టడమంటే ఇంత విద్య కావాలన్నమాట.

వేరే గదిలోకి మార్చవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మిగతా పడకగదులు మేడ మీద ఉన్నాయి, కుట్లు మానేదాకా మెట్లెక్కవద్దంది డాక్టరమ్మ. హాలు రెండంతస్తుల ఎత్తు. అందులో హీటరు పెట్టడం ఏలూరు కాలవలో వేణ్ణీళ్ళు పోయడం లాంటిది. ఆ ఎత్తు ఎందుకయ్యా అంటే, అదీ ఎలివేషనే.

ఇక అక్కడి నుంచి మా ఇంట్లో సలహాల తిరనాళ్ళు మొదలయ్యాయి. హీటరు నకిలీది అన్నారు మా ఆయన. మార్చి తెచ్చారు. కొత్తది ఇంకా గట్టిగా చప్పుడు చేసింది, అంతే తేడా. అద్దాల కిటికీ వల్ల అని ఒకరంటే కిటికీకి బొంతలు కట్టాను. తలుపు కింద సందు అని ఇంకొకరంటే పాత చీర చుట్టి పెట్టాను. కొల్లేరు మీద నుంచి వచ్చే గాలి ఊరుకోదండి అంది పక్కింటావిడ. కొల్లేరు గాలి మా ఒక్క గదికే ఎందుకు వస్తుందో ఆమె చెప్పలేదు. ఫోనులో చుట్టాలు మాత్రం ఒకే పాట, "పెంకుటిల్లయితేనా!" అని. వీళ్ళెవరూ పెంకుటింట్లో చలికాలం గడపలేదని నాకు బాగా తెలుసు. నేను పుట్టింది ఆకివీడు పక్కన పెంకుటింట్లో. పెంకుల సందుల్లోంచి మంచు మొహం మీద పడేది, ముక్కు దిబ్బడ వేసవి దాకా వదిలేది కాదు. ఆ ఇంటిని పొగడాలంటే అందులో ఉండకూడదు.

ఆఖరికి ఇంజనీరును పిలిపించారు. వచ్చి గోడ మీద వేళ్ళతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఇవి లైట్‌వెయిట్ బ్లాకులండి మేడమ్. లోపల గాలి బుడగలుంటాయండి. వేడి అటూ ఇటూ వెళ్ళదండి."

"వెళ్తోంది కదా బాబూ" అన్నాను.

"టెక్నికల్‌గా వెళ్ళకూడదండి" అన్నాడు.

ఆ మాట పిల్ల పాదాలకి చెప్పమన్నాను. ఆయన నవ్వి, కాఫీ తాగి, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. రాలేదు. ఆ వారం తూకానికి తీసుకెళ్తే పిల్ల బరువు పెరగలేదు. "ఇంకో వారం చూద్దామండి" అంది డాక్టరమ్మ. ఆ తర్వాతి మాట ఆమె చెప్పలేదు, చెప్పనక్కరలేదు. ఇంటికి వచ్చాక నా కూతురు పిల్లని జాకెట్టు లోపల ఒంటికి కరిపించుకుని కూర్చుంది. నిద్ర వస్తున్నా పడుకోదు. దాని ఒంట్లో వేడి తప్ప ఆ పిల్లకి వేరే వేడి లేదు. అంత సొమ్ము పోసి కట్టిన ఇల్లు ఒక పచ్చి బాలింతరాలి ఒళ్ళు చేసే పని చెయ్యలేకపోయింది.

అలాంటి సమయంలో నల్లజర్ల నుంచి మా వియ్యపురాలు మనవరాలిని చూడడానికి వచ్చింది. చేతిలో ధూపం మూకుడు, సంచిలో బొగ్గులు, పొట్లంలో సాంబ్రాణి. మా ఇంట్లో ఉండవని అనుమానం కాబోలు, అన్నీ తెచ్చుకుంది.

"డాక్టరమ్మ పొగ వద్దందండి వదినగారూ" అన్నాను.

"సాంబ్రాణి పొగ పొగేంటండీ? పొగ వెయ్యని పసిగుడ్డు ఉంటుందాండీ ఎక్కడన్నా?"

వియ్యపురాలితో వాదించడం కంటే కొల్లేరు ఎండగట్టడం సులువు. అందుకని ఒక రాజీ చేశాను. పిల్లనీ తల్లినీ ముందు సిటౌట్లో ఎండలో కూర్చోబెట్టాను. గదిలో ఎవరూ లేకుండా ఉయ్యాలకీ బట్టలకీ కావలసినంత పొగ వేసుకోమన్నాను. వాసన పోయాకే పిల్లని లోపలికి తేవాలని ఆవిడ చేత ఒట్టు పెట్టించుకున్నాను. ఆవిడ కాస్త మూతి ముడుచుకున్నా ఒప్పుకుంది. తలుపు దగ్గరగా వేసి, నిప్పుల మీద సాంబ్రాణి గుప్పెడు చల్లింది. నేను ఒక మూల నిలబడి చూస్తున్నాను.

గది నిండుతుందనుకున్నాను. నిండలేదు. పొగ నిలువుగా లేచి, సీలింగు అంచున లైట్లు దాచిన సందు ఉంది చూశారూ, ఆ సందు వైపు తిరిగి బుద్ధిగా లోపలికి పోయింది. సినిమా వదిలాక జనం గేటు వైపు పోయినట్టు, ఎవరూ చెప్పకుండానే. వియ్యపురాలు ఇంకో గుప్పెడు వేసింది. అదీ అటే పోయింది.

"మీ ఇంట్లో పొగ కూడా నిలవదేంటండీ వదినగారూ" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియదు. ఉందనే అనుకున్నాను.

అంతలో బయట నుంచి పక్కింటావిడ కేక. "పిన్నిగారూ, మీ గోడలోంచి పొగ వస్తోందండీ. కరెంటు వైరేమో చూసుకోండి."

బయటికి పరిగెత్తాను. పక్కగోడకి బిగించిన జాలీ రేకులో పూలలోంచి, తీగలలోంచి సాంబ్రాణి పొగ తెరలు తెరలుగా వస్తోంది. ఎలివేషనుకి ధూపం వేసినట్టుంది. పొగ అంత తేలిగ్గా బయటికి వస్తే, వేడి ఎటు పోతోందో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వెచ్చటి గాలి పైకి పోతుందని మూడో తరగతి పిల్లలకి చెబుతారు. మేమంతా కిటికీ చూశాం, తలుపు చూశాం, గోడకి చెవులు పెట్టాం. పైకి చూసింది వీధిలో వెళ్ళేవాళ్ళే.

మధ్యాహ్నం బస్సుకి వియ్యపురాలిని సాగనంపి, పక్కింటావిడ సాయంతో స్టూలు వేసుకుని ఎక్కాను. లైటు కోసం కోసిన పలక ఒకటి జరిపి, ఫోను టార్చి వేసి చూశాను. టార్చి అక్కరలేకపోయింది. అక్కడ పగటి వెలుతురు ఉంది. గోడలో రెండు మూరల వెడల్పున ఒక కన్నం. చట్రం లేదు, తలుపు లేదు, ఊచ లేదు. అంచులకి సిమెంటు మాత్రం నున్నగా పూశారు, కావాలనే పెట్టినట్టు.

మా ఆయన గూడెం నుంచి వచ్చేదాకా తిట్లన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నాను. వచ్చీ రాగానే గదిలోకి తీసుకెళ్ళి పైకి చూపించాను.

"ఏమిటండీ ఇది?"

తల పైకెత్తి చూశారు. "కిటికీ" అన్నారు.

"కిటికీకి తలుపులుంటాయి. ఊచలుంటాయి. దీనికేమున్నాయి?"

"అది లెక్క కోసం."

విషయం ఏమిటంటే, ఇంటికి కిటికీలు సరిసంఖ్యలో ఉండాలట. సిద్ధాంతి లెక్కపెడితే మా ఇంటికి బేసి వచ్చాయట. కనబడేచోట ఇంకొకటి పెడితే ఇంజనీరు గారి ఎలివేషను పాడవుతుందట. అందుకని ఎవరికీ కనబడనిచోట పెట్టారు. బయట జాలీ రేకు, లోపల సీలింగు, నడుమ కిటికీ. పోనీ తలుపైనా పెట్టవచ్చు కదా అంటే, గాలి ఆడకపోతే అది కిటికీ కిందికి రాదని, లెక్కలో చేరదని సిద్ధాంతి అన్నాడట. కింద సీలింగు వచ్చింది కదా, ఇంక గాలి ఎక్కడ వస్తుందిలే అని మా ఆయన అనుకున్నారట. చూడడానికి కాదు, తియ్యడానికి కాదు, వెయ్యడానికి కాదు, కేవలం లెక్కపెట్టుకోవడానికి పెట్టిన కిటికీ లోకంలో ఒక్క మా ఇంటికే ఉంటుంది. ఏసీ కంపెనీని ఊరికే తిట్టాం.

"సరే, ఇప్పుడు మూయించండి" అన్నాను.

ఆయన సిద్ధాంతికి ఫోను చేశారు. స్పీకరు పెట్టమన్నాను.

"మూసేస్తే బేసి అయిపోతుందండి" అంది అవతలి గొంతు, మెత్తగా, మర్యాదగా. "ఇంకోటి కూడా కలిపి మూసేస్తే సరి అవుతుందనుకోండి. కానీ శూన్యమాసం కదండీ, గోడ ముట్టుకోకూడదండి. ఈ నెల వెళ్ళనివ్వండి, నేనే వచ్చి చూస్తాను."

"నెల వెళ్ళేదాకా పిల్ల చలిలో ఉండాలాండీ?" అని అడిగాను.

"ఇంకో దుప్పటి కప్పండమ్మా" అన్నాడు.

శాస్త్రం అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోను పెట్టేశాక పేర్చుకున్న తిట్లు తీశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఇన్నాళ్ళు కాపురం చేశాను చూడండి, అని మొదలుపెట్టి, ఉల్లిపాయల దగ్గర నుంచి ఎలివేషను దాకా అన్నీ అన్నాను. మీ సరీ బేసీ లెక్కలకి నా మనవరాలిని మళ్ళీ ఆ పెట్టెలో పెట్టాలా అని అడిగాను.

"దానికోసమే పెట్టించాను" అన్నారు.

"దేనికోసం?"

ఆయన నా వైపు చూడలేదు. ఆ కన్నం వైపే చూస్తూ చెప్పారు. "ఈ ఇల్లు కడుతుండగా అమ్మాయికి కడుపు పోయినప్పుడు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నాకేం చెయ్యాలో తోచక సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాను. ఇంటికి కిటికీలు బేసి ఉన్నాయి, ఆడపిల్ల కడుపు నిలవదు అన్నారు. మర్నాడే మేస్త్రీని పిలిచి కొట్టించాను. ఆ తర్వాతే కదా ఇది కడుపున పడింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని."

నవ్వేదాన్నే. నవ్వడమే కాదు, పదిమందికి చెప్పి నవ్వించేదాన్ని. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. అలాగని కోపమూ పోలేదు. అది ఆయన మీద నుంచి జరిగి ఆ మెత్తటి గొంతు మీదికి పోయింది. కూతురు నెత్తురోడుతూ ఆసుపత్రిలో ఉంటే, ఆ తండ్రి ఏమీ తోచక గుమ్మంలోకి వచ్చి నిలబడితే, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపవచ్చు. కిటికీలు తప్పాయని చెప్పాడు ఆ పెద్దమనిషి. కడుపు కాలినవాడు ఏం చెబితే అది చేస్తాడని ఆయనకి తెలుసు. ఇలాంటి సిద్ధాంతులకి తెలిసిన శాస్త్రం అదొక్కటే.

"ఇప్పుడు మూస్తే..." అని మా ఆయన ఆగిపోయారు. ఆయన భయం ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. తెరిచి ఉంటే పిల్లకి చలి. మూస్తే పిల్లకి ఏమవుతుందోనని ఆయన బెంగ.

నా కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలియదు. పిల్ల దాని గుండె మీదే ఉంది, పైన శాలువా.

"మూసేయండి నాన్నగారూ" అంది.

"లెక్క తప్పుతుందమ్మా."

"దీనికి చలేస్తోందండీ నాన్నగారూ. నాకింకేం తెలీదు."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆయన దాని మొహంలోకి చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

మూయడానికి ఏం పెట్టాలో మాకు తోచలేదు. పక్కింటావిడ వాళ్ళకి కొల్లేరు పక్కన చెరువులున్నాయి. రొయ్యలకి ఐసు వేసి పంపే థర్మోకోల్ పెట్టె ఒకటి పట్టుకొచ్చింది. "కొత్తదేనండి పిన్నిగారూ, రొయ్య తగల్లేదండి" అని గుమ్మం బయటే ఆగింది. మా ఆయన కోడిగుడ్డు ఉడికిన గిన్నెలో నీళ్ళు కూడా తాగరు. ఆ పెట్టెని అందుకున్నారు, వాసనైనా చూడలేదు. పలకలుగా కోసి స్టూలెక్కారు. నేను కింద పట్టుకున్నాను. కన్నానికి సరిపోయేలా బిగించి, సందుల్లో పాత బొంత కూరి, చుట్టూ టేపు వేశారు. ఉల్లిపాయ గోనెలు కుట్టిన చేతులు కాబట్టి పని గట్టిగానే చేశారు. ఆఖరి పలక పెట్టేముందు మాత్రం కొంచెం ఆగారు. పెదవులు కదిలాయి. ఏ దేవుడిని తలుచుకున్నారో నేను అడగలేదు.

చీకటి పడ్డాక హీటరు కాసేపు వేసి ఆపేశాం. అన్నాలు తిని వచ్చి చూస్తే వేడి గదిలోనే ఉంది. చాలా రోజుల తర్వాత నా కూతురు పిల్లని పక్కలో వేసుకుని నిద్రపోయింది.

తెల్లవారి నేను కాఫీ పెడుతుంటే అది పిలిచింది. వెళ్ళి దుప్పటి కిందికి చెయ్యి పెట్టి చూశాను. పొట్ట ఎంత వెచ్చగా ఉందో పాదాలూ అంత వెచ్చగా ఉన్నాయి. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు. రమ్మంటే, చేతులు చల్లగా ఉన్నాయని రెండు అరచేతులూ రుద్దుకుని, మళ్ళీ రుద్దుకుని, అప్పుడు వచ్చి ఒక్క వేలితో ముట్టుకున్నారు. పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. ఆయన మంచం అంచున కూర్చుండిపోయారు.

"లెక్క తప్పినా ఏం కాదంటావా?" అని నన్ను అడిగారు.

ఇల్లు కట్టడం మొదలైన దగ్గర నుంచి నేను అన్న ఒక్క మాటా వినని మనిషి. బదులు చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ నాలుగు మాటలు సిద్ధంగా ఉంటాయి, అప్పుడూ ఉన్నాయి. కానీ ఏమవుతుందో నాకు మాత్రం ఏం తెలుసు? ఒకసారి పోగొట్టుకున్న ఇంట్లో, గుప్పెడంత పిల్ల ముందు కూర్చుని, తెలుసని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

"ఏం కాదండీ" అన్నాను.